వెలగని సిస్టమ్

అమీర్‌పేటలో ఒకే గదిలో ఇద్దరు కుర్రాళ్లు అద్దెకుండేవాళ్లు. ఒకడిది కరీంనగర్, ఇంకొకడిది నల్లగొండ. గదిలో ఎవరూ వాళ్లను అసలు పేర్లతో పిలిచేవారు కాదు, ఊరి పేర్లే స్థిరపడిపోయాయి. ఇద్దరూ హార్డ్‌వేర్ కోర్సు పూర్తి చేశారు. ఒక సర్వీసు సెంటర్‌లో టెక్నీషియన్ ఉద్యోగం ఖాళీగా ఉందని, రాతపరీక్ష ఉండదని, విడిభాగాలు ముందుపెట్టి సిస్టమ్ బిగించమంటారని తెలిసింది. పరీక్షకు నెల గడువుంది.

కరీంనగర్ ఆ సాయంత్రమే పనిలోకి దిగాడు. దోస్తు దగ్గర ఒక సిస్టమ్ అడిగి తెచ్చి, గదిలో అట్టముక్క పరిచి, ఫోన్‌లో టైమ్ పెట్టుకుని విప్పడం, బిగించడం మొదలుపెట్టాడు. మొదటిరోజు పూట పట్టింది. నెల తిరిగేసరికి అరగంట కూడా పట్టడం లేదు. ప్రాసెసర్ మూలనున్న బంగారురంగు త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుకు సరిచూసి, నొక్కకుండా వదిలి, లీవర్ దించేవాడు. థర్మల్ పేస్ట్ శనగగింజంత, అంతకు మించి వేసేవాడు కాదు. ర్యామ్ రెండు ముక్కలనూ రెండో స్లాటులో, నాలుగో స్లాటులో వేసి, రెండు చివరలా టిక్కుమనే దాకా నొక్కేవాడు. మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టర్ అందరికీ గుర్తుంటుంది. ప్రాసెసర్ పక్కన విడిగా ఉండే 8 పిన్నులది చాలామంది మరిచిపోతారు. వాడు ఒక్కసారీ మరవలేదు. తీగలన్నీ క్యాబినెట్ వెనక్కు పంపి ముడులు కట్టేవాడు. వంక పెట్టలేని పని.

నల్లగొండకు సిస్టమ్ ఇచ్చేవాళ్లు దొరకలేదు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అదే అందరూ సీటీసీ అనే చోటికి పోయి, రిపేర్లు చేసే ఒక పెద్దాయనను పట్టుకున్నాడు.

“జీతం వద్దు సార్. సాయంత్రాలు మీ బల్ల కాడ కూసోనియ్యుండ్రి.”

మొదట్లో ర్యామ్ కాళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచే పని ఇచ్చాడు ఆయన. తర్వాత ఒక ఆట మొదలుపెట్టాడు. నడుస్తున్న సిస్టమ్‌ను ఆపి, కుర్రాణ్ని అటు తిరగమని, ఏదో ఒకటి చెడగొట్టేవాడు. “ఇగ చూడు బిడ్డా.”

ఒకరోజు ర్యామ్ ఒకవైపే కూర్చుని ఉండేది. ఇంకోరోజు సీమాస్ చెరిపే జంపర్ చోటు మారి ఉండేది. బోర్డు కింద, స్క్రూ రంధ్రం లేనిచోట ఒక ఇత్తడి బుడిపె అదనంగా ఉండి షార్ట్ చేసేది. గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్ పెట్టి, మానిటర్ తీగను కార్డుకు కాక బోర్డుకు గుచ్చి ఉంచేవాడు. అన్నీ తిరుగుతాయి, డిస్‌ప్లే మాత్రం రాదు. దొరికినా దొరకకపోయినా నోటుపుస్తకంలో మూడు గళ్లు నింపాలి: ఏం చూశాను, ఏం మార్చాను, ఏం తేలింది.

ఓసారి కుర్రాడు తొందరపడి ర్యామ్, కేబుల్ రెండూ మార్చాడు. డిస్‌ప్లే వచ్చింది. పెద్దాయనకు కోపమొచ్చింది. “రెండు ఒక్కసారే మార్చినవ్. దేనివల్ల నడిసిందో నీకే ఎరుక లేదు. రేపు కస్టమర్‌కు ఏం జెప్తవ్? రెండిటికీ పైసలు తీస్కుంటవా?”

నల్లగొండ ఈ ఆట గురించి గదిలో చెప్పి రమ్మన్నాడు. “నాకు స్పీడ్ కావాలె మామా. టెస్ట్ అయినంక వస్త” అన్నాడు కరీంనగర్.

పరీక్షకు గంటన్నర సమయం. రెండు బల్లలు, రెండింటి మీదా ఒకే రకం విడిభాగాలు. కరీంనగర్ అరగంటలో బిగించి స్విచ్ నొక్కాడు. ఫ్యాన్ కదల్లేదు, దీపం వెలగలేదు. ర్యామ్ తీసి వేరే స్లాటులో వేశాడు. మళ్లీ అంతే. కూలర్ విప్పి, ప్రాసెసర్ తీసి పెట్టి, కొత్తగా పేస్ట్ వేశాడు. ఆఖరికి మొత్తం విప్పి మళ్లీ బిగించాడు, ముందుకన్నా వేగంగా. ఆ తొందరలో ముందు వైపు యూఎస్‌బీ కనెక్టర్‌లో ఒక పిన్ను వంగిపోయింది. గంట మోగేసరికి వాడి చొక్కా తడిసిపోయి ఉంది. “టైమ్ సరిపోలేదు సార్” అన్నాడు.

నల్లగొండకు బిగించడానికే గంట పట్టింది. అతనికీ ఏదీ వెలగలేదు. చేతులు వెనక్కు తీసుకుని కాసేపు చూశాడు. సిస్టమ్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ వెనక స్విచ్ వేసే ఉంది. అదే ప్లగ్గులో టేబుల్ లైటు పెడితే వెలిగింది, కరెంటుంది. ముందు బటన్ తీగ పీకి, బోర్డు మీది ఆ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ కొనతో కలిపాడు. చలనం లేదు. మల్టీమీటర్ అడిగి తీసుకుని 24 పిన్నుల కనెక్టర్‌లో ఊదారంగు తీగ దగ్గర చూశాడు. ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ అక్కడ 5 వోల్టులు ఉండాలి. సున్నా ఉంది. కనెక్టర్‌ను బోర్డు నుంచి విడదీసి ఆకుపచ్చ తీగను నల్లతీగతో కలిపాడు. ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ తిరగలేదు. ఇదంతా మూడు గళ్లలో రాసి పరీక్షించే ఆయన దగ్గరకు వెళ్లాడు.

“సార్, ఈ ఎస్ఎంపీఎస్ పోయింది. ఇంకోటి ఇప్పిస్తే మిగతాది చూస్త.”

ఆయన కాగితం చదివి, జేబులో పెట్టుకున్నాడు. “చాలు బాబూ.”

ఆ రోజు ఏ బల్ల మీదా సిస్టమ్ వెలగలేదు. రెంటి మీదా పాడైన ఎస్ఎంపీఎస్‌లే పెట్టారు. సంగతి తెలిశాక కరీంనగర్ ఉండబట్టలేక అడిగాడు: “పాడైంది ఇచ్చి బిగించమంటే ఎట్ల సార్?”

“మా దగ్గరికి వచ్చేవన్నీ పాడైనవే కదా నాయనా” అన్నాడాయన.

నీతి: వెలిగే యంత్రం మీద చేసిన సాధన, వెలగని యంత్రం ముందు నిలబడటం నేర్పదు.

కరీంనగర్ నెల రోజుల కష్టం వృథా అనుకోకూడదు. చెయ్యి తిరగనివాడికి ఆలోచించే తీరిక దొరకదు, కనెక్టర్ ఎక్కడిదో వెతకడానికే సమయం పోతుంది. వాడు తప్పింది ఒకేచోట. పరీక్షలో ఇచ్చిన వస్తువు మంచిదే అయ్యుంటుందని నమ్మాడు. ఆ నమ్మకం వాడొక్కడిది కాదు. బడిలో చేరిన నాటి నుంచి మన పిల్లలకు ఇచ్చే ప్రతి లెక్కకూ జవాబుంటుంది. రాలేదంటే తప్పు పిల్లవాడిదే. అలా పెరిగినవాడు యంత్రం వెలగకపోతే తన చేతినే అనుమానిస్తాడు, చేసిన పనినే మరింత వేగంగా మళ్లీ చేస్తాడు. రిపేరు బల్ల దగ్గర ఇది ప్రమాదం. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్‌ను సంచిలో పెట్టుకొచ్చిన మనిషికి, సరిగా చూడకుండా “బోర్డు పోయింది” అని చెబితే, ఆ ఇంటి నెల ఖర్చు తారుమారవుతుంది. ఏది పోయిందో, ఏది పోలేదో నిలబడి చెప్పగలగడమే ఈ ఉద్యోగం. “ఇక్కడి వరకు చూశాను, దీని తర్వాత చూడలేదు” అనడం కూడా అందులో భాగమే.

అలా చెప్పాలంటే కరెంటు ఏ దారిన వస్తుందో తెలియాలి. పాత ఏటీ క్యాబినెట్లలో స్విచ్ నొక్కితే నేరుగా మెయిన్స్ కరెంటే కలిసేది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ పద్ధతి తెచ్చాక ముందున్న బటన్ బోర్డును అడుగుతుంది, బోర్డు ఆకుపచ్చ తీగ ద్వారా ఎస్ఎంపీఎస్‌ను లేపుతుంది. బటన్, దాని తీగ, బోర్డు, ఎస్ఎంపీఎస్ — వీటిలో ఏది చెడినా బయటికి కనబడే లక్షణం ఒకటే, నిశ్శబ్దం. నల్లగొండ ఒక్కో మెట్టునూ విడిగా చూసింది అందుకే. అదనపు తెలివేమీ అక్కర్లేదు, దారి తెలిస్తే చాలు.

ఇలాంటి పరీక్షకు సిద్ధమవుతున్నవాళ్లు ఒంటరిగా చేయకండి. ఇద్దరు కూడండి. ఒకరు చెడగొట్టాలి, ఒకరు వెతకాలి. చెడగొట్టేవాడూ నేర్చుకుంటాడు, ఏ లోపం ఏ లక్షణం చూపిస్తుందో ముందే ఊహించుకోవాలి కదా. ప్రతిసారీ ప్లగ్గు తీశాకే చెయ్యి పెట్టండి, క్యాబినెట్ లోహాన్ని ఒకసారి ముట్టుకుని ఒంట్లోని స్టాటిక్ వదిలించుకోండి. రిపేరు షాపుల్లో పోయిన ఎస్ఎంపీఎస్‌లు మూలన పడి ఉంటాయి, అడిగితే ఒకటి ఇస్తారు. దాని మూత మాత్రం విప్పొద్దు, లోపలి కెపాసిటర్లలో ప్లగ్గు తీశాక కూడా కరెంటు నిలిచి ఉంటుంది. దాన్ని ఒక మంచిదాని పక్కన పెట్టి, రెంటి మీదా కాగితం అంటించి, ఏది బిగించాలో మీ జోడీని ఎంచమనండి.