దృఢ విశ్వాసం – వాద ధర్మం

దృఢమైన విశ్వాసమూ, ఎదుటివారి మాటను సావధానంగా వినే గుణమూ ఒకే మనిషిలో ఇమడగలవా అన్న ప్రశ్నను ప్రాచీన భారతీయ తార్కికులు శీలానికే గాక చర్చాపద్ధతికి కూడా సంబంధించినదిగా చూశారు. గౌతముని న్యాయసూత్రాలు చర్చను మూడు విధాలుగా విభజించాయి. తత్త్వం తెలుసుకోవడానికి ప్రమాణాలతో, తర్కంతో సాగేది వాదం. గెలుపే లక్ష్యంగా మాటల మాయను సైతం వాడుకునేది జల్పం. తన పక్షాన్ని నిలబెట్టే పూచీ లేకుండా ఎదుటి పక్షాన్ని ఖండించడంతోనే సరిపెట్టుకునేది వితండం. వాదంలో ఇరువురికీ చెరొక పక్షం ఉంటుంది కాబట్టి, ఏ పక్షమూ పట్టకపోవడం విశాల దృష్టికి గుర్తు కాదని ఈ విభజనను బట్టి గ్రహించవచ్చు.

ఈ వాద ధర్మం ఆధునిక కాలంలో ఎలా నడిచిందో గోరా, గాంధీల సంబంధంలో కనిపిస్తుంది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా (గోపరాజు రామచంద్రరావు), దైవం మీదా కర్మ మీదా భారం వేసే అలవాటు పోనిదే మనిషి స్వతంత్రుడు కాడనీ, అస్పృశ్యత అంతరించదనీ నమ్మి, నిత్యం ప్రార్థన జరిగే సేవాగ్రామ్ ఆశ్రమానికి వెళ్లి గాంధీతోనే ఆ మాట వాదించాడు. దేవుడే సత్యమని చెబుతూ వచ్చిన గాంధీ, సత్యాన్ని నాస్తికులు సైతం కాదనరన్న ఆలోచనతో, అప్పటికే సత్యమే దేవుడు అనే చోటికి చేరుకున్నాడు. గోరా కుమార్తెకు దళిత యువకునితో వివాహం నిశ్చయమైనప్పుడు, ఆ పెళ్లిని ఆశ్రమంలో జరిపించడానికీ, ప్రమాణంలో దేవుని పేరుకు బదులు సత్యాన్ని నిలపడానికీ గాంధీ సమ్మతించాడు. 1948 జనవరిలో ఆయన హత్యకు గురైనా, మార్చిలో ఆ వివాహం సేవాగ్రామ్‌లోనే జరిగింది. గాంధీ ప్రార్థన మానలేదు, గోరా నాస్తికత్వాన్ని విడువలేదు. అయినా అస్పృశ్యతను తుడిచివేయాలన్న సంకల్పం ఇద్దరిదీ కావడం వల్ల, దేనిని సడలించవచ్చో, దేనిని సడలించరాదో ఇద్దరికీ తేటపడింది.

ప్రతి ఆక్షేపణకూ తలుపు తెరిస్తే విశ్వాసం నిలవదన్న శంక గౌతముని న్యాయశాస్త్రానికీ లేకపోలేదు. లేత మొలక చుట్టూ ముళ్లకంచె వేసినట్టు, తత్త్వనిశ్చయాన్ని కాపాడుకోవడానికి జల్పవితండాలను వాడుకోవచ్చని అది అనుమతించింది. అయితే ఆ అనుమతి రక్షణకే పరిమితం. అదే నిత్యవృత్తి అయినప్పుడు ధైర్యం మొండితనంగా, నిష్ఠ అహంకారంగా మారతాయి. మరోవైపు, నిష్ఠ లేని వినయం ఎదుటివారి మెప్పు కోసం మాట మార్చుకునే బలహీనతగా దిగజారుతుంది. కాబట్టి ఈ గుణాల సమతూకం రెండింటినీ చెరిసగం తగ్గించుకోవడంలో లేదు. ప్రతిపక్షాన్ని దానిని నమ్మినవారే ఒప్పుకునేంత నిజాయితీగా చెప్పగలిగి, ఆ తరువాత కూడా తన పక్షాన్ని కారణాలతో నిలబెట్టుకోగలగడంలో ఉంది. ఆ పరీక్షకు తట్టుకోలేని భాగాన్ని వదులుకోవడం విశ్వాసానికి నష్టం కాదు, దానికి జరిగే సంస్కారమే.