పిల్లల చేతికిచ్చు పుస్తకము

పిల్లలకు తగిన పుస్తకములేవి, పెద్దలకు తగినవేవి అని నన్నడుగువారు సాధారణముగా రెండు పట్టికలు కోరుచుందురు. పట్టిక వ్రాయుట కష్టము కాదు. కాని ఒక పుస్తకమును మరియొకరి చేతికిచ్చి 'చదువుము' అనుట చిన్న విషయము కాదు. పెద్దవాడు తనకు నచ్చని పుస్తకమును మూసివేసి, దోషము రచయితదే యనును. పిల్లవాడు మూసివేసినను, దోషము తనదే యనుకొనును. అతడు మనయందుంచిన నమ్మకమునకు మనము బాధ్యులము. అట్టివానికి లోకమునెంతవరకు చూపవలెను, ఎంతవరకు మరుగుపరుపవలెను? ఈ ప్రశ్నకు నేనొకప్పుడు తప్పు సమాధానము చెప్పుకొంటిని.

ప్రేమ్‌చంద్ కథ 'ఈద్‌గాహ్' 1933లో వెలువడినది. నాలుగైదేండ్ల హామిద్‌కు తలిదండ్రులు లేరు. నాయనమ్మ అమీనా వానిని పెంచుచున్నది. పండుగనాడు వాడు మూడు పైసలతో బయలుదేరును. తోడి పిల్లలు మిఠాయిలు, మట్టిబొమ్మలు కొనుచుండగా, రొట్టెలు కాల్చునపుడు అవ్వ వ్రేళ్లు కాలునని తలచుకొని, వాడు ఇనుప పట్టుకారు కొని తెచ్చును.

కొన్నేండ్ల క్రిందట మా బంధువుల యింట ఒక చిన్నపిల్లకు ఈ కథను తెలుగులో చెప్పుచు, తండ్రి కలరాచేత పోయెననియు, పిమ్మట తల్లి కృశించి మరణించెననియు గల భాగమును దాటవేసితిని. పండుగ కథలో పసిదానికి చావు సంగతి యెందుకని నా తలంపు. కథ ముగియగానే ఆ పిల్ల, "మరి రొట్టెలు వాళ్లమ్మ ఎందుకు చేయదు?" అని అడిగెను. నాకు బదులు తోచలేదు. తల్లి లేని యింట ముదుసలి వ్రేళ్లు కాలుచున్నవి గనుకనే ఆ పట్టుకారునకు విలువ. నేను మరణమును తొలగించితిని. దానితో కథయే పోయినది.

ఆలోచింపగా మరియొకటి తెలిసినది. కథలో అమీనాయు నిజమును దాచినది. తండ్రి ధనమార్జించుటకు పోయెననియు, తల్లి దేవునింటినుండి మంచి వస్తువులు తెచ్చుటకు పోయెననియు హామిద్‌ను నమ్మించినది. కాని ప్రేమ్‌చంద్ చదువరికి దాచలేదు. హామిద్ ఎరుగని దుఃఖమును, వాని యీడు పిల్లవాడే ఆ కథ చదివి ఎరుగును. అమీనా దాచినది పసివాని ఆశను కాపాడుటకు. నేను దాచినది, నాకు ప్రశ్న ఎదురుకాకుండుటకు. ఈ రెండును ఒక్కటి కావు.

మన పూర్వులకు ఈ జంకు లేదు. పంచతంత్రము రాజకుమారుల శిక్షణకై చెప్పబడినదని దాని పీఠికయే తెలుపుచున్నది. అందులో కొంగ చేపలను నమ్మించి తినును. నక్క చెప్పిన కొండెములను నమ్మి సింహము తన మిత్రమైన యెద్దును చంపును. మిత్రలాభ మిత్రభేదములను చిన్నయసూరి 1853లో 'నీతిచంద్రిక'గా వెలువరింపగా, తరతరముల విద్యార్థులు దానిని పాఠముగా చదివిరి. నేడు దానిని వచన సౌష్ఠవమునకై చదువువారు పెద్దలే. పిల్లల పుస్తకమునకును పెద్దల పుస్తకమునకును నడుమ గీత మనమనుకొన్నంత గట్టిది కాదు.

అయినచో సర్వమును పిల్లల కీయవచ్చునా? ఈయరాదు. మోసమును గుర్తింపజేయు కథ వేరు, మోసమును చూచి ముచ్చటపడజేయు కథ వేరు. అట్లని ప్రతి పుస్తకమును నీతి చెప్పవలెననుటయు కాదు. 1923లో వెలువడిన సుకుమార్ రాయ్ బెంగాలీ పద్యముల సంపుటి 'ఆబోల్ తాబోల్'లో వింత జంతువులును, వింత మనుష్యులును పిల్లలను నవ్వింతురు. ఉపదేశమునకు మాత్రమే పుస్తకమిచ్చువాడు పిల్లవానిని విద్యార్థిగా చూచుచున్నాడు గాని, చదువరిగా చూచుట లేదు.

కొలదిదినముల పిమ్మట ఆ బాలికకు కథను మొదటినుండి, ఏమియు విడువక చెప్పితిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిదప, "హామిద్‌కు నిజమెప్పుడు తెలుస్తుంది?" అని అడిగెను. కథలో అది లేదంటిని. ఆ సాయంకాలమంతయు మేమిరువురమును దానినిగూర్చియే మాటలాడుకొంటిమి.

కావున పట్టిక అడుగు తలిదండ్రులకు నేనిపుడు చెప్పునది ఇంతియే: పిల్లలకై కొన్న పుస్తకమును ముందు మీరు చదువుడు. మీకేమియు ఈయలేని పుస్తకమును వారికీయకుడు. ఇచ్చిన పిదప, వారు ప్రశ్న అడుగునప్పుడు దగ్గర నుండుడు.