దేనికంటే గొప్ప?

కువైట్ అనే పేరులోనే ఒక విశేషణం అణగి ఉంది. కోట అనే అర్థమున్న 'కూత్' అన్న అరబ్బీ నామం లఘ్వర్థక రూపం, అంటే చిన్నదనాన్ని తెలిపే రూపం దాల్చి 'చిన్న కోట' అయింది గాని, అందులో 'చిన్న' అనే మాట విడిగా కనిపించదు. తారతమ్యాన్ని, అనగా ఎక్కువతక్కువల భేదాన్ని సైతం ఆ భాష మాట లోపలే చెబుతుంది: 'కబీర్' అంటే పెద్ద, అందులోని హల్లులనే 'అఫ్‌అల్' అనే మూసలో ఉంచితే 'అక్బర్', మరింత పెద్ద. కువైట్ నగరంలో 1986లో ప్రారంభమైన ప్రధాన మసీదు పేరు 'అల్ మస్జిద్ అల్ కబీర్'. కట్టడానికి కబీర్ సరిపోయింది, ప్రార్థనకు పిలుపైన అజాన్‌లో దేవునికి అక్బర్ కావలసి వచ్చింది.

అయితే తారతమ్యం చెప్పేటప్పుడు అక్బర్ తరువాత సాధారణంగా 'కంటే' అనే అర్థమిచ్చే 'మిన్' వచ్చి పోలికకు ఆధారమైన వస్తువును చూపాలి, లేదా ముందు 'అల్' చేరి 'అన్నిటిలోకీ పెద్ద' అనే అర్థం రావాలి; 'అల్లాహు అక్బర్'లో ఈ రెండూ లేవు. 'అన్నిటికంటే' అన్నది లోపించిందని కొందరు వ్యాకర్తలు, అక్బర్‌కు ఇక్కడ 'గొప్పవాడు' అనే అర్థమేనని మరికొందరు వివరించారు. మొదటి వివరణకు తాత్త్వికమైన ఆక్షేపణ ఉంది: పోల్చాలంటే రెండింటికీ ఉమ్మడి కొలమానం ఉండాలి, తనవంటిది ఏదీ లేదని ఖురాన్ వర్ణించే దేవుణ్ణి సృష్టిలోని వస్తువుల సరసన ఏ కొలతతో నిలపాలి? కఠోపనిషత్తు, ఆత్మ అణువుకంటే సూక్ష్మమనీ మహత్తుకంటే మహత్తరమనీ ఒకే చోట చెప్పి, ఆ కొలతనే నిరర్థకం చేసింది.

పోలికవస్తువును చెప్పకపోవడం వల్ల ఆ ఖాళీని వక్త నింపుకోగలడు. 1990లో ఇరాక్ ఆక్రమణ కాలంలో కువైట్ వాసులు మేడలపై నుంచి 'అల్లాహు అక్బర్' అనే నినదించగా, 1991 జనవరిలో ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుసేన్ దానినే తమ దేశ జెండాపైకి ఎక్కించాడు.

తెలుగు విశేషణానికి తారతమ్య రూపం లేదు. 'పెద్ద' ఎప్పుడూ పెద్దే, భేదమంతా పోలికవస్తువుకు చేరే 'కంటే', 'కన్నా'లది. కనుక 'అందరికంటే గొప్పవాడు' అని అనువదిస్తే దేవుడు అందరితో పాటు వరుసలో నిలబడవలసి వస్తుంది. తారతమ్యం పోయినా సరే, 'అల్లాహ్ గొప్పవాడు' అన్న అనువాదమే మేలు.