తుదిదినములు ఎవరివి?

వేసవి సెలవులకు పట్టణమునకు వచ్చి బంధువులయింట దిగినవారికి మొదటి వారము ఒక విధముగను, తుది వారము మఱియొక విధముగను గడచును. మొదట దినములు తఱుగనివిగా దోచును. ఎండ తగ్గినపిమ్మట చూతములే, ఆదివారము పోవుదములే యని ఒక్కొక్కటియు వాయిదా పడుచుండును. తుదకు మిరుగు సమీపించి, బడులు తెఱచు దినము జ్ఞప్తికి రాగానే తొందర పుట్టును. 2024, 2025 సంవత్సరములలో తెలంగాణమున బడులు జూన్ 12వ తేదీన తెఱచిరి. మృగశిరకార్తె దానికి నాలుగైదు దినములు ముందు ప్రవేశించును. ఆ కొద్ది దినములలోనే చూడనివన్నియు చూడవలెను, కొననివన్నియు కొనవలెను. ఈ తుదిదినములు న్యాయముగా ఎవరివి?

కరీంనగరమునే తీసికొందము. గోదావరి కావల, పూర్వపు ఆదిలాబాదు జిల్లా ఊళ్లనుండి, లక్షెట్టిపేట, ఖానాపురము, ఉట్నూరు వైపులనుండి ఇక్కడికి చుట్టములు వచ్చుట మేమెఱిగినదే. చూడదగినవి లేకపోలేదు. 1985లో పూర్తియైన దిగువ మానేరు ఆనకట్ట యున్నది. 2023లో తెఱచిన తీగల వంతెన యున్నది. వెండితీగెపనివారి నేర్పు ఉన్నది. కొంతదూరమున ఎలగందుల కోట యున్నది. 1905 వఱకు జిల్లాకు ఎలగందుల పేరే యుండెడిది. కోటమెట్లు ఒక్కసారి యెక్కివచ్చిన పిల్లవానికి చరిత్ర చెప్పుట మావంటి పంతుళ్లకు ఎంత సులభమో వేఱుగ చెప్పనక్కఱలేదు. కనుక చూచుటను మేము తప్పుపట్టుట లేదు.

అయితే ఆ దినములలో ఆ యింటి యిల్లాలు ఎక్కడ నుండును? ప్రయాణమునకు సర్వపిండి, గారెలు కావలెను. మామిడితొక్కు జాడీలోనుండి సీసాలకెక్కవలెను. ఆడబిడ్డకు ఒడిబియ్యము, చీరె, కనుము సిద్ధపఱచవలెను. మిరుగునాడు చేపలు తినెడి యిల్లైనచో ఆ పని యదనము. ఊరు తిరిగినవారు రాత్రి తొమ్మిదింటికి వచ్చువేళకు అన్నము వేడిగ నుండవలెను. పరాయియూరివారు ఒక్క పూటలో చూచివచ్చిన కోటను, ఇరువదేండ్లుగా అక్కడనే కాపురమున్న ఆమె చూచియుండదు. బస్సు ఛార్జీ అడ్డమని చెప్పుటకు వీలులేదు. 2023 డిసెంబరు 9నుండి రాష్ట్రములోపల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఛార్జీయే లేదు. ప్రభుత్వము టికెట్టు ఇయ్యగలిగినది. ఒక మధ్యాహ్నమును ఎవ్వరిత్తురు? 2024లో కేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము మనదేశమున ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు 289 నిమిషములును, చేయు పురుషులు 88 నిమిషములును దానికి వెచ్చించుచున్నారు. ఇది మామూలు దినముల సగటు. చుట్టములున్న యింటిలెక్క పాఠకురాండ్రే వేసికొందురు గాక.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో గురువు, విద్య ముగించి పోవు శిష్యునకు అతిథిని దేవునిగా నెంచుమని బోధించును. ఉపదేశము శిష్యునికి, పొయ్యి వాని భార్యకు! మనుస్మృతియో, ఒక్కరాత్రి నిలుచువాడే అతిథి యని నిర్ణయించినది. నెలదినములుండి దేవుడనిపించుకొనుటకు శాస్త్రమునను చోటులేదు. ఇంగ్లీషున గెస్టు, హోస్టు అను రెండు మాటలును ఒక్క ప్రాచీన ధాతువునుండియే పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. వచ్చినవారును, ఆదరించినవారును ఒకే సంబంధమునకు రెండు కొసలని ఆ ప్రాచీనులు తలంచిరి కాబోలు.

ఇందుకు ఒక ఆక్షేపణ కలదు. అది తేలికయైనది కాదు. “ఆమె ప్రేమతో వండుచున్నది. వద్దన్నచో నొచ్చుకొనును. మీరు ప్రేమను కూలిగా లెక్కకట్టుచున్నారు” అందురు. ప్రేమ లేదని మే మనము. కాని మానగలిగియు చేయునది యొకటి, మానుటకు వీలులేక చేయునది యొకటి. బయటికి రెండును ఒక్కతీరుగనే కనబడును. కూర రుచియు ఒక్కటియే. చేయుచున్న ఆమెకే యొక్కొక్కప్పుడు ఆ భేదము తెలియదేమో. మానుటకు ఒక్కనాడైన వీలు కల్పించి చూడనిదే, అది ప్రేమయని ఘంటాపథముగ చెప్పు హక్కు భోజనము చేసినవారి కెట్లు వచ్చును? చుట్టములను ఫోనులో రమ్మని పిలిచిన యజమాని ఆ పిలుపునకు ముందు ఆమె నడిగెనా యనునది వేఱొక ప్రశ్న. దానిజోలికి ఇప్పుడు పోము.

మేమెఱిగిన యొక యింట కిందటి వేసవిలో, ప్రయాణము మూడుదినములున్నదనగా లక్షెట్టిపేట వైపునుండి వచ్చిన ఆడబిడ్డ, “వదినె, ఈ రెండొద్దులు పొయ్యి మాది. నువ్వు పిలగాండ్లతోని కోటకు పో” అన్నది. తన వంట నచ్చలేదేమోయని ఆ వదినె మొదట చిన్నబుచ్చుకొన్నది. ఎట్టకేలకు బయలుదేఱి, పాలు కాచితిరా యని బస్సులోనుండి రెండుసార్లు ఫోను చేసినది. పసుపుడబ్బా ఎక్కడ నుండునో ఆ యింటి యజమానికి ఆనాడే తెలిసినది. కోటపైకెక్కి ఆమె పిల్లలను అడిగిన మొదటిమాట, మన యిల్లు ఏ దిక్కున నున్నదని. సాయంకాలము అన్నము మెత్తనైనది. ఆమె యేమియు ననక తిన్నది. తొక్కు సీసాలు మాత్రము నిండలేదు. చుట్టములు తొక్కు లేకయే గోదావరి దాటిరి. శ్రావణమాసమున దానిని తానే తీసికొని వత్తునని ఆమె ఆడబిడ్డకు చెప్పి పంపినదట.