ట్రిగ్గరు బరువు

నాయనా, టెక్సస్‌లో స్థిరపడిన నీవు ఇంటివారి రక్షణ కోసమని నడుమున చిన్న రివాల్వరు ధరిస్తున్నావు. అక్కడి చట్టం నిన్ను ఆపదు. తుపాకీ కలిగి ఉండే అర్హత గలిగి, 21 ఏళ్లు నిండినవారు 2021 సెప్టెంబరు 1 నుంచి లైసెన్సు లేకుండానే ధరించవచ్చు. ఆ ‘అర్హత’ను తేలికగా చూడకు. హెచ్‌1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి ఫెడరల్ చట్టం తుపాకీని సాధారణంగా నిషేధించింది. వేట లైసెన్సు వంటి మినహాయింపులు కొన్నే. పౌరుడివి గనుక నీకు ఆ చిక్కు లేదు. అలాంటి వీసా మీద వచ్చి నీ ఇంట దిగిన మిత్రుడి చేతికి మాత్రం సరదాకైనా అందించకు.

ఇక ట్రిగ్గరు సంగతి. స్మిత్ అండ్ వెసన్ వారు 1950లో చీఫ్స్ స్పెషల్ పేరిట తెచ్చిన అయిదు తూటాల రివాల్వరు వంశంలోనిదే నీదీను. అల్యూమినియం చట్రంతో అరకిలోకు లోపే తూగుతుంది. ట్రిగ్గరు లాగడానికి మాత్రం సుమారు అయిదున్నర కిలోల బలం కావాలి. లాగేలోపు గొట్టం మూతి వణుకుతుంది, గురి తప్పుతుంది. నీ విసుగు అకారణం కాదు.

అయినా ఆ విసుగుతో భోజనాల బల్ల మీద దాన్ని విప్పి, సానరాయి పట్టి, మెత్తని స్ప్రింగులు వేయడం తగదు. హ్యామరు స్ప్రింగు బలం తగ్గితే ప్రైమరుకు దెబ్బ చాలదు. ప్రాణం మీదికి వచ్చిన వేళ టక్కుమని ఊరుకుంటుంది. ట్రిగ్గరును తిరిగి ముందుకు తోసే స్ప్రింగు మెత్తబడితే, వేలు వదిలినా అది పూర్తిగా స్వస్థానానికి రాదు. లోపలి అంచులకు పైపొర మటుకే గట్టిది. అది అరిగిందా, ఎత్తి నిలిపిన హ్యామరు ఏ కుదుపుకో జారిపోగలదు.

ఇవి యంత్రదోషాలు. వీటికన్నా ఘోరమైనది మరొకటి ఉంది. అర్ధరాత్రి తలుపు చప్పుడవుతుంది. వచ్చినవాడు దొంగో, ఆలస్యంగా ఇల్లు చేరిన కొడుకో తెలియదు. భయం వేలిని లాగుతుంది. ఆ బరువైన లాగుడు పూర్తయ్యేలోపు దొరికే రెప్పపాటే గుర్తుపట్టడానికి కంటికీ, ఆగమనడానికి బుద్ధికీ మిగిలిన గడువు. నీవు అరగదీస్తున్నది ఆ గడువునే. సౌప్తికపర్వంలో అశ్వత్థామ అస్త్రాన్ని వదలగలిగాడు, మరల్చలేకపోయాడు; అర్జునుడు రెండూ ఎరిగినవాడు. నీ తూటా ఒకసారి వెలువడితే అర్జునుడూ మరల్చలేడు.

కాబట్టి సాన పట్టవలసింది నీ చేతికి. తూటాలు వేరే గదిలో పెట్టు. సిలిండరు తెరిచి అయిదు అరలనూ కంటితో చూసి, వేలితో తడుము. తూటా దూరని గోడవైపు గురిపెట్టి, మూతి కదలకుండా ట్రిగ్గరును నెమ్మదిగా లాగు. రోజూ కాసేపు చాలు. ఇది విసుగు పుట్టించే పనే, కాదనను. నెలలు గడిచేకొద్దీ వేలు బలపడి, ఆ బరువే నీకు తేలికగా తోస్తుంది. అప్పటికీ గరుకు తగిలితే తుపాకులు బాగుచేసే నిపుణుడికి చూపించు.

ఇప్పటికే స్ప్రింగులు మార్చి ఉంటే పాతవాటినే ఆయన చేత తిరిగి వేయించు. అంతవరకు దాన్ని నడుమున పెట్టకు. తూటాలు తీసి, ఇనుప పెట్టెలో ఉంచి తాళం వెయ్యి. తాళంచెవి జాడ పిల్లలకు తెలియనివ్వకు.