గణితంలో సౌందర్యం, సత్యం

గణితాన్ని శుష్కశాస్త్రంగా భావించేవారు అనేకులు. దానిని ఉపాసించినవారు మాత్రం అందులో కావ్యానికి తీసిపోని సౌందర్యాన్ని దర్శించారు. ప్రధాన సంఖ్యలకు అంతం లేదని యూక్లిడ్ నిరూపించిన తీరు ఇందుకు నిదర్శనం. ప్రధాన సంఖ్యలు కొన్నే ఉన్నాయనుకొని, వాటన్నిటినీ గుణించి ఒకటి కలిపితే, వచ్చిన సంఖ్యను వాటిలో ఏదీ నిశ్శేషంగా భాగించలేదు. కనుక ఆ జాబితాకు వెలుపల మరొక ప్రధాన సంఖ్య ఉండి తీరాలి. కొద్ది మాటల్లో గొప్ప అర్థాన్ని పొదగడం కావ్యగుణమైతే, ఇది ఉత్తమ కావ్యమే.

అయితే సుందరమైనదల్లా సత్యమేనా?

1913 జనవరిలో మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమాస్తాగా పనిచేస్తున్న శ్రీనివాస రామానుజన్ కేంబ్రిడ్జిలోని హార్డీకి కొన్ని సూత్రాలు పంపాడు. వాటిలో కొన్ని హార్డీకి అంతుపట్టలేదు. అయినా అటువంటివాటిని కల్పించగల ఊహాశక్తి ఎవరికీ ఉండదు గనుక అవి నిజమే అయి ఉండాలని ఆయన తలచాడు. అక్కడ సౌందర్యమే సత్యానికి సాక్ష్యం పలికింది. కాని ప్రధాన సంఖ్యల విషయంలో రామానుజన్ చేసిన ప్రతిపాదనలు సరికావని తరువాత తేలింది. ఒక పరిమితి లోపల ఎన్ని ప్రధాన సంఖ్యలున్నాయో చెప్పే గాస్ అంచనా, లెక్కించి చూసిన మేరకు, వాస్తవం కంటె ఎక్కువగానే ఉంటూ వచ్చింది. ఈ క్రమం ఎల్లకాలం నిలవదనీ, అనంతంగా తారుమారవుతూనే ఉంటుందనీ 1914లో లిటిల్‌వుడ్ నిరూపించాడు. కంటికి కనిపించిన అందమైన క్రమాన్ని నిరూపణ భగ్నం చేసింది.

అంతమాత్రాన సౌందర్యదృష్టిని తోసిపుచ్చడం తగదు. 1920లో, మరణానికి కొద్ది నెలల ముందు, రామానుజన్ మాక్ థీటా ప్రమేయాలను హార్డీకి రాసిన లేఖలో పరిచయం చేశాడు. వాటి స్వరూపానికి సమగ్రమైన వివరణ 2002లో జ్వెగర్స్ పరిశోధనతో లభించింది. ఎనభై రెండేళ్ళ తరువాత తర్కం చేరుకున్న చోటికి సౌందర్యదృష్టి ముందే చేరుకుంది.

ఈ రెంటి సంబంధం మన పూర్వులకు తెలియనిది కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. లీలావతిలో లెక్కలకు కావ్యశోభ కూర్చిన భాస్కరాచార్యుడే, ఉపపత్తి ఎరుగని గణకుడు పండితసభలో గౌరవం పొందలేడనీ, తనకు తాను సంశయరహితుడు కాలేడనీ సిద్ధాంతశిరోమణిలో హెచ్చరించాడు. ఇందులో రెండవ మాట మరింత లోతైనది. ఉపపత్తి ఇతరులను ఒప్పించడానికే కాదు, తన మోహం నుంచి తాను బయటపడడానికి కూడా అవసరం.

పొందికగా అమరిన భావం పట్ల మోహం గణితజ్ఞులకే పరిమితం కాదు. శాస్త్రంలోనూ, పాలనలోనూ, చరిత్రరచనలోనూ చక్కగా కుదిరిన కథనం పరీక్షను తప్పించుకోవాలని చూస్తుంది. సౌందర్యాన్ని హృదయపూర్వకంగా ప్రేమిస్తూనే, నిరూపణ కాదన్న నాడు దానిని విడిచిపెట్టగలగడం గణితం మనిషికి నేర్పే నీతి. ఆ త్యాగానికి సిద్ధపడినవానికే సత్యమైన సౌందర్యాన్ని నిశ్చింతగా ఆస్వాదించే అర్హత కలుగుతుంది.