రిజిస్టర్లో ఉన్నవాళ్ళు

ఒరే అబ్బాయీ,

మీ బ్యాచ్ కలయిక ఆహ్వానం ఫోన్లో అందింది. 2001 పదో తరగతి, ఇరవై ఐదేళ్ళు, మన బడి ఫొటో, కింద నిర్వాహకుల్లో నీ పేరు. మీ పెద్దమ్మ కళ్ళజోడు తెచ్చుకుని మరీ ఆ పేరు వెతికింది. చాలా సంతోషం. అయితే జాబితాలో నలభై ఒక్క పేర్లే ఉన్నాయి. మీ క్లాసు అంతేనట్రా?

ఆరులో చేరినవాళ్ళంతా పదికి రారు. ఎనిమిదిలో ఒకడు పాలేరుతనానికి వెళ్తాడు, తొమ్మిదిలో ఒక పిల్లకు పెళ్ళి చేసేస్తారు. పది దాకా వచ్చినా మార్చి పోతే సెప్టెంబరు అనుకుంటూ రెండు దండయాత్రలు చేసి ఊరుకున్నవాళ్ళు ఉంటారు. మీరు వాట్సాప్ గ్రూపు కట్టింది పాసై పట్నం చేరినవాళ్ళతో. మేమూ అదే తప్పు చేశాం కాబట్టే చెబుతున్నాను.

మాది 1975 బ్యాచ్. నా పక్కన ఒకడు కూర్చునేవాడు. పొద్దున పొలంలో నీళ్ళు కట్టి, కాళ్ళకు బురద ఆరకముందే కాలవ గట్టున పరిగెత్తుకొచ్చేవాడు. లెక్కల్లో నేను మొద్దుని. ఏ ప్లస్ బి హోల్ స్క్వేర్ అంటే ఏ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అని రాసి రోజూ బెత్తం దెబ్బలు తినేవాణ్ణి. ఒకరోజు దారిలో వాడు పుల్ల తీసుకుని మట్టిలో నలుచదరంగా ఒక మడి గీశాడు. నిలువుగా ఒక గట్టు, అడ్డంగా ఒక గట్టు వేశాడు. ఒక మూల పెద్ద చదరం, ఎదురు మూల చిన్న చదరం, మిగిలినవి రెండు పొడుగు చెక్కలు. "ఆ రెండు చెక్కలూ నువ్వు వదిలేస్తున్నావురా. మరి వాటిలో ఎవడు నాట్లేస్తాడు?" అన్నాడు. ఆ రోజుతో టూ ఏబీ నన్ను వదల్లేదు. ముప్ఫై మూడేళ్ళు నేను బళ్ళో లెక్కలు చెప్పి జీతం తీసుకున్నానంటే పునాది ఆ మట్టి బొమ్మ. నా దగ్గర చదివిన ప్రతి క్లాసుకూ ఆ మడి గీశాను. వాడి పేరు మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.

మధ్యాహ్నం గంట కొట్టగానే మేం కారియర్లు విప్పేవాళ్ళం, వాడు పంపు దగ్గరికి వెళ్ళేవాడు. నీళ్ళు తాగడానికి ఇంతసేపా అనుకునేవాణ్ణి. అసలు సంగతి నాకు తట్టేసరికి నెత్తిన జుట్టు నెరిసింది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు బళ్ళో అన్నం పెట్టడం మన దగ్గర 2008లో గానీ మొదలు కాలేదు. అంటే మీ కాలంలోనూ లేదు. మీలోనూ పంపు దగ్గరికి వెళ్ళినవాళ్ళు ఉండే ఉంటారు, ఒకసారి గుర్తు తెచ్చుకో.

పరీక్షల సెంటరు అవనిగడ్డలో పడింది. నలుగురం కలిసి గది తీసుకున్నాం. కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం వండింది వాడే. ఫలితాలు పేపర్లో నంబర్లుగా వచ్చేవి. నా నంబరు ఉంది, వాడిది లేదు. ఇంగ్లీషు తప్పాడు.

తరవాత రెండేళ్ళకే, 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను ముంచేసింది. సముద్రం వైపు ఊళ్ళ నుంచి మా క్లాసుకు వచ్చినవాళ్ళలో ముగ్గురు ఆ రాత్రే పోయారు. అందులో ఒకడి దగ్గర తీసుకున్న భూగోళం నోట్సు చాలాకాలం నా ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది. తిరిగి ఇద్దామంటే ఎవరికివ్వను? లెక్కలవాడు బతికాడని విన్నాను. వినీ వెళ్ళలేదు. పాతికేళ్ళకు ఒకసారి, నలభై ఏళ్ళకు ఒకసారి శాలువాలు, జ్ఞాపికలు, గ్రూపు ఫొటోలతో కలుసుకున్నాం. వాణ్ణి పిలవాలని ఎవరికీ తోచలేదు. నాకు తోచింది గానీ, మనిషికి వెయ్యి రూపాయల చందా దగ్గర నోరు మెదపలేకపోయాను. అది నా పిరికితనం.

మీరు అలా చేయకండి. చందా ఎంతని ముందు ప్రకటించకండి, ఇవ్వలేనివాడు పనుందని చెప్పి తప్పుకుంటాడు. ఇవ్వగలిగినవాళ్ళు చాటుగా వేసుకోండి. రిసార్టు వద్దు, బళ్ళోనే చెట్టు కింద పెట్టుకోండి. ఆడపిల్లల కోసం వెతికేటప్పుడు పుట్టింటి పేరుతో అడగండి, అత్తారింటి పేరు మీకెవరికీ తెలియదు. ఎదురుపడగానే "ఏం చేస్తున్నావు, పిల్లలెక్కడ" అని మొదలెట్టకు. ఇంకోటి, అప్పట్లో నువ్వు పెట్టిన మారుపేర్లు నాకూ తెలుసు. రంగును బట్టీ, కాలి అవిటితనాన్ని బట్టీ పెట్టినవి. ప్రేమకొద్దీ అయినా వాటితో పిలవకు. ఆ పేరు విన్నవాడికి అది ఇరవై ఐదేళ్ళ కిందటి ముచ్చట కాదు. మా బడి బంగారం అని మైకులో చెప్పుకోవచ్చు, తప్పులేదు. హాస్టలు పిల్లల్ని వెనక బెంచీల్లో కూర్చోబెట్టింది కూడా ఆ బడే. అది ఎవరైనా మైకులో అంటే అడ్డుపడకండి.

మొన్న వినాయక చవితి వెళ్ళాక ఎట్టకేలకు వాడి ఊరు వెళ్ళాను. చేనుగట్టు మీద ఉన్నాడు. నన్ను ఎగాదిగా చూసి, "నాకు ఇంగ్లీషు పోయింది సరే, నీకు లెక్కలెలా వచ్చాయిరా?" అన్నాడు. నీ వల్లేరా అని చెప్పాను. మడి బొమ్మ సంగతి వాడికి గుర్తే లేదు. భోజనానికి కూర్చుంటే వాడే వడ్డించాడు, అవనిగడ్డ గదిలో లాగే.

నువ్వు ముందు బడికి వెళ్ళి హెడ్మాస్టరుకు ఒక కాగితం రాసివ్వు. 2001లో పరీక్ష రాసినవాళ్ళ నామినల్ రోల్స్ కాదు, మీరు ఆరులో చేరిన 1996 నాటి అడ్మిషన్ రిజిస్టరు కావాలని అడుగు. సిరా వెలిసిపోయి ఉంటుంది, పగటిపూట వెళ్ళు. సంక్రాంతి సెలవులు రాకముందే వెళ్ళు, సెలవులిచ్చాక బీరువా తాళం ఎవరి దగ్గరుందో వాళ్ళకే తెలియదు.

మీ పెదనాన్న